పేపరోళ్ళంతా వాళ్ళ వైపే బా!

ఈ మాట నేను ఎన్నిసార్లు అనుంటానో లెక్క లేదు. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో నా క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ ఓడిన రాత్రులు అన్నాను. గెలిచిన రాత్రులూ అన్నాను, గెలుపును సరిగ్గా పొగడలేదని. ఎదురుగా కూర్చుని వినేవాడు లివర్‌పూల్ మనిషి. వాడూ అదే మాట అంటాడు, క్లబ్బు పేరు మార్చి. పదిహేడేళ్ళుగా ఈ ఒక్క వాక్యం మా ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతానే ఉంది.

ఇప్పుడు నేను ఆ మాట మానుకున్నాను. మీడియాకు పక్షపాతమే లేదని ఎవరో నచ్చజెప్పి మానుకోలేదు. నిజంగా ఉన్నచోట అది మనుషుల్ని ఏం చేస్తుందో తెలిశాక, ఆఫ్‌సైడ్ గొడవలకు ఆ మాట వాడబుద్ధి కాలేదు. ఎట్ల మానుకున్నానో మొదటినుంచీ చెప్తాను.

నేను వాణ్ని మామా అంటాను, వాడు నన్ను బా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. మా చిత్తూరు జిల్లాలో స్నేహం ముదిరితే వరస కలుపుకోవడం అలవాటు. (2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయిపోయింది గానీ, మా నోటికి ఇంకా అంతా చిత్తూరు జిల్లానే.) ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో పరిచయం. 2008 మే 21న మాస్కోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, యునైటెడ్‌కూ చెల్సీకీ. మాకది అర్ధరాత్రి దాటి పన్నెండుంబావుకు మొదలైంది. పెనాల్టీల్లో జాన్ టెర్రీ కాలు జారి, బంతి పోస్టుకు తగిలి పక్కకు పోయిన ఆ క్షణాన నేను యునైటెడ్ వాణ్ణయిపోయాను. మామ అంతకు మూడేళ్ళ ముందే లివర్‌పూల్ వాడు. 2005లో ఇస్తాంబుల్‌లో ఏసీ మిలాన్ మీద 0-3తో వెనకబడి, 3-3 చేసి, పెనాల్టీల్లో కప్పు ఎత్తుకున్న రాత్రి వాడు ఇంటర్మీడియట్ పిల్లోడు. ఇంట్లో సౌండు పూర్తిగా తగ్గించి చూశాడంట.

తిరుపతిలో రాత్రి మ్యాచ్‌లు చూడ్డం కష్టం కాదు. కొండకు పోయేవాళ్ళు, కొండ దిగినవాళ్ళు, రైలు కోసం కాచుకున్నవాళ్ళు ఉంటారు కాబట్టి ఊరు పూర్తిగా నిద్రపోదు. ఏ రెండు గంటలకో బయటికొచ్చినా ఎక్కడో ఒక టీ అంగడిలో పొయ్యి మండుతా ఉంటుంది. వేళలు మాత్రం ఇంగ్లండు గడియారం చేతిలో ఉంటాయి. ఎండాకాలం మనకు రాత్రి ఏడున్నరకు మొదలయ్యే శనివారం మ్యాచ్, అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకోగానే ఎనిమిదిన్నరకు జరిగిపోతుంది. ఇంకో విచిత్రం, ఆ శనివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్‌లను ఇంగ్లండులో టీవీలో చూపించరు. జనం స్టేడియానికి రావడం మానేస్తారని దశాబ్దాలుగా ఉన్న కట్టడి అది. అంటే మాంచెస్టర్‌లో ఉన్నోడు టీవీలో చూడలేని మ్యాచ్‌ను తిరుపతి బైరాగిపట్టెడలో ఉన్న నేను చూస్తాను.

అయితే మేం చూసేదంతా ఒక గొంతు వెంట వస్తుంది. స్టేడియంలో కూర్చున్నోడికి కామెంటరీ వినపడదు. వాడి కోపం వాడిది, వాడి పక్కనోడి కూత వాడికి తోడు. మాకు స్టేడియం లేదు. ఎవరు బాగా ఆడారు, ఎవరు మోసం చేశారు, ఏది పొరపాటు, ఏది ప్రతిభ అనేవన్నీ ఎవరో పేరు తెలియని పెద్దమనిషి గొంతులోంచి మా గదిలోకి వస్తాయి. అందుకే ఆ గొంతు ఎదుటి క్లబ్బు వైపు రవ్వంత వంగినట్టు అనిపించినా మాకు మంట పుడుతుంది. ఈ మంటను నేను చిన్నచూపు చూడను. అంత దూరం నుంచి ఒక క్లబ్బును ప్రేమించేవాడికి ఆ గొంతు తప్ప ఇంకేముంది?

కానీ ఆ గొంతు ఇద్దరికీ ఒకటే. మనకు వినిపించే ఇంగ్లీషు కామెంటరీ చాలాసార్లు లీగే తయారుచేయించి ప్రపంచమంతటికీ పంపేది. నేను విన్న మాటే మామా వింటున్నాడు. మరి ఇద్దరికీ అది ఎదుటోడి వైపు ఉన్నట్టు ఎట్ల వినపడుతుంది?

2024 ఏప్రిల్ 7, ఆదివారం, రాత్రి ఎనిమిదికి యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మా రెండు క్లబ్బుల మ్యాచ్. మామే పందెం వేశాడు. "ఇద్దరం చెరొక నోటుబుక్కు పట్టుకుందాం బా. మన క్లబ్బుకు వ్యతిరేకంగా ఏం మాట వినపడినా రాసుకుందాం. ఆఖర్న చూసుకుందాం." సరే అన్నాను. ఆట 2-2తో ముగిసింది. పోలిక కోసమే పెట్టినట్టుంది ఆ స్కోరు. మ్యాచ్ అయినాక చూసుకుంటే నా పేజీ నిండింది, వాడి పేజీ నిండింది. ఇద్దరి పేజీల్లోనూ ఉన్న సంఘటన ఒకటే ఒకటి. రెండో సగం మొదట్లో లివర్‌పూల్ డిఫెండర్ క్వాన్సా ఇచ్చిన పాసు దారి తప్పింది. బ్రూనో ఫెర్నాండెజ్ మధ్య గీత దగ్గరి నుంచే ఒక్క తన్నుతో గోల్ కొట్టేశాడు. నేను రాసుకున్నది: "క్వాన్సా పొరపాటు అంటాడే గానీ బ్రూనో చూపు గురించి చెప్పడే." మామ రాసుకున్నది: "బ్రూనోను ఆకాశానికెత్తుతున్నాడు, బంతి మేం చేతికిచ్చిందని చెప్పడే." ఆ కామెంటేటర్ రెండూ చెప్పాడు. నా చెవి ఒకటి పట్టుకుంది, వాడి చెవి ఇంకొకటి పట్టుకుంది.

ఇది మా ఇద్దరి జబ్బే కాదని తర్వాత చదివాను. 1951 నవంబరులో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విశ్వవిద్యాలయాల మధ్య ఒక మొరటు మ్యాచ్ జరిగింది. వాళ్ళ ఫుట్‌బాల్ అది, చేత్తో పట్టుకుని పరిగెత్తేది. ప్రిన్స్‌టన్ 13-0తో గెలిచింది గానీ వాళ్ళ మేటి ఆటగాడి ముక్కు విరిగింది. డార్ట్‌మత్ ఆటగాడికి కాలు విరిగింది. రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థి పత్రికలూ తప్పు మీదంటే మీదని రాసుకున్నాయి. హాస్టార్ఫ్, క్యాంట్రిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు రెండు చోట్లా విద్యార్థులకు అదే మ్యాచ్ ఫిల్ము వేసి చూపించి, కనిపించిన తప్పులు రాయమన్నారు. 1954లో ఫలితం అచ్చయింది. డార్ట్‌మత్ ఆటగాళ్ళ తప్పులు సొంత విద్యార్థుల కంటికి సగటున 4.3 కనపడ్డాయి. ప్రిన్స్‌టన్ విద్యార్థుల కంటికి 9.8. ఫిల్ము ఒకటే. తర్వాత 1985లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంకా పెద్ద గొడవ తీసుకున్నారు. 1982 నాటి బేరూట్ ఊచకోత మీద వచ్చిన టీవీ వార్తలనే ఇజ్రాయెల్ వైపు వాళ్ళకూ, అరబ్బుల వైపు వాళ్ళకూ చూపించారు. ఇద్దరూ ఈ వార్తలు మాకే వ్యతిరేకం అన్నారు.

ఈ సంగతి తెలిశాక నాకు సిగ్గు కంటే ముందు ఊరట కలిగింది. నేను అబద్ధం చెప్పలేదు, నాకు అట్లనే వినపడింది. కానీ నాకు వినపడిందే సాక్ష్యం కాదు.

నాకు ఈ చెవి ఎవరిచ్చారని ఆలోచిస్తే కొంత మా పాత మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ కనపడతాడు. ఆయన మీద నాకున్న గౌరవం తగ్గదు. కానీ "లోకమంతా మనకు ఎదురే" అనే భావాన్ని ఆటగాళ్ళ రక్తంలోకి ఎక్కించడం ఆయన పద్ధతి. 2004లో తన కొడుకు మీద వచ్చిన ఒక డాక్యుమెంటరీకి కోపించి, బీబీసీతో మాట్లాడనన్నాడు. 2011 ఆగస్టు దాకా, ఏడేళ్ళు, మాట్లాడలేదు. తండ్రిగా ఆయన కోపం నాకు అర్థమవుతుంది. కానీ మా లాంటి అభిమానులం ఆ పట్టుదలను చూసి నేర్చుకున్నది వేరు. మనల్ని విమర్శించినోడు మన శత్రువు, శత్రువు చెప్పింది వినాల్సిన పని లేదు అని నేర్చుకున్నాం. మేనేజర్‌కు అది డ్రెస్సింగ్ రూములో పనికొచ్చే ఆయుధం. సోమవారం పొద్దున పనికి పోయే నాకు దాంతో ఏం పని?

ఇంకొంత కారణం డబ్బు. ఇంగ్లండులో లీగుకు వచ్చే టీవీ డబ్బులో సగం ఇరవై క్లబ్బులకూ సమానంగా పంచుతారు. పాతిక శాతం పట్టికలో దక్కిన స్థానాన్ని బట్టి, మిగిలిన పాతిక శాతం మ్యాచ్‌లు ఎన్నిసార్లు ప్రత్యక్షంగా చూపించారన్న లెక్కను బట్టి. ఎవరిని చూపించాలో టీవీ వాళ్ళు ఎంచుకుంటారు, జనం ఎవరిని చూస్తే వాళ్ళనే ఎంచుకుంటారు. యునైటెడ్ గెలిస్తే జనం చూస్తారు. ఓడితే ఇంకా జాస్తి చూస్తారు. 2013లో ఫెర్గూసన్ వెళ్ళిపోయాక మా పతనం పెద్ద ధారావాహికలాగా నడిచింది. "మమ్మల్నే తిడతారు" అని నేను, "ఎప్పుడు చూసినా మీ గురించేనా" అని మామ. ఇద్దరం చెప్తున్నది ఒకే నిజం. దీన్ని పక్షపాతం అనడం కంటే వ్యాపారం అనడం సరి. అన్యాయం లేదని కాదు. అది జరిగేది మా ఇద్దరికీ కాదు, ఏ చర్చలోనూ పేరు వినపడని చిన్న క్లబ్బుల అభిమానులకు.

టీవీ స్టూడియోలో కూర్చుని ఆటను విప్పి చెప్పే మాజీ ఆటగాళ్ళను ఇంగ్లీషులో పండిట్లంటారు, మన పండితుడే సముద్రం దాటి పోయి ఆ పేరు తెచ్చుకున్నాడు. గ్యారీ నెవిల్ మా వాడు, జేమీ క్యారగర్ వాళ్ళ వాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పోట్లాడుకుంటారు. నాకిది మంచి పద్ధతనే అనిపిస్తుంది. స్పెయిన్‌లో ఇంకా బాహాటం. మార్కా, ఆస్ పత్రికలు మాడ్రిడ్‌వి, ముండో డిపోర్తివో, స్పోర్ట్ బార్సిలోనావి. ఎవరి పేపరు ఎవరిదో చదివేవాడికి తెలుసు.

ఈ విద్య తెలుగు పాఠకుడికి ఒకరు నేర్పాలా? ఏ పేపరు ఎవరిది, ఏ చానల్ ఎవరిది అని మా టీ అంగడిలో చదువురాని పెద్దాయన కూడా చెప్తాడు. ఆయన రెండు పేపర్లలో వార్తా చదివించుకుని, రెంటి మధ్యలో నిజం ఎక్కడుందో తనే లెక్క కట్టుకుంటాడు. రాజకీయాల్లో ఇంత ఒడుపుగా చదివే మేము, ఆట దగ్గరికొచ్చేసరికి పసిపిల్లలమైపోతాం. సినిమా హీరోల అభిమానుల సంగతీ ఇంతే. తమ హీరో సినిమాకు రేటింగు తక్కువిచ్చినోడు అమ్ముడుపోయినోడు, ఎక్కువిచ్చినోడు నిజాయితీపరుడు.

తెలుగువాళ్ళం మీడియా మీద నిజంగా కోపం తెచ్చుకోవాల్సింది ఇంకోటుందని నా వాదన. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. 1-1తో సమం. పెనాల్టీల్లో హైదరాబాద్ గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. మా వీధిలో ఆ సంగతి తెలిసినోళ్ళు ఎంతమంది? నేను చెప్తే, "హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ టీము ఉందా అన్నా?" అని అడిగారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం, ఆయన శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌కు నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది ఆంధ్రప్రదేశ్. ఇవన్నీ మా ఇంటి సంగతులు. వీటిని నేను ముప్పై ఏళ్ళు దాటాక ఇంగ్లీషులో చదివి తెలుసుకున్నాను. ఆ హైదరాబాద్ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. దాని కోసం గొంతు చించుకున్న తెలుగువాణ్ణి నేను చూడలేదు. నేనూ చించుకోలేదు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఎవడో మా గోల్‌ను సరిగ్గా పొగడలేదని మాత్రం ఏళ్ళ తరబడి మండిపడ్డాను.

వ్యతిరేకంగా రాసినదానికి కోపం వస్తుంది, కనపడుతుంది కాబట్టి. రాయనిది కనపడదు.

వంకర కామెంటరీ ఉందా లేదా అని కొలిచినోళ్ళూ ఉన్నారు. 2020లో రన్‌రిపీట్ అనే సంస్థ ఇంగ్లండు, స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్ లీగుల్లో 80 మ్యాచ్‌ల ఇంగ్లీషు కామెంటరీ తీసుకుని, ఆటగాళ్ళ గురించి అన్న 2,073 మాటలను విడదీసింది. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు బలం మాట వచ్చే అవకాశం 6.59 రెట్లు, వేగం మాట వచ్చే అవకాశం 3.38 రెట్లు ఎక్కువ. తెలివిని మెచ్చుకున్న మాటల్లో 62.6 శాతం లేత రంగు చర్మం వాళ్ళకు దక్కాయి. అంతకు ముందు 2018 డిసెంబరులో మాంచెస్టర్ సిటీ ఆటగాడు రహీం స్టెర్లింగ్ ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి ఎత్తి చూపాడు. అదే క్లబ్బు కుర్రాళ్ళిద్దరు, ఫిల్ ఫోడెన్, టోసిన్ అడరాబియోయో, అమ్మలకు ఇళ్ళు కొనిచ్చారు. తెల్ల కుర్రాడి వార్త తల్లి మీద ప్రేమగా వచ్చింది. నల్ల కుర్రాడి వార్త డబ్బు దుబారాగా వచ్చింది. ఇది లెక్కకు దొరికిన పక్షపాతం. ఏ క్లబ్బు అభిమానులూ దీని మీద మాలాగా ఏళ్ళ తరబడి కొట్టుకోలేదు, ఎందుకంటే ఇది క్లబ్బు చూసి చేసే పక్షపాతం కాదు. మనం పక్షపాతాన్ని ద్వేషించడం లేదని, మనకు రాని వాటాను అడుగుతున్నామని నాకు అక్కడే అనుమానం మొదలైంది.

అనుమానం తీరిపోయిన రాత్రి 2023 మార్చి 5. నోటుబుక్కుల పందేనికి ఏడాది ముందు సంగతి ఇది. ఇన్నాళ్ళూ చెప్పుకోవడం ఇష్టం లేక వెనక్కి నెట్టాను.

ఆ వారం టీ అంగడిలో వేరే గొడవ నడుస్తోంది. మార్చి 3న బెంగళూరులో కేరళ బ్లాస్టర్స్ మ్యాచ్‌లో బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రీ ఫ్రీ కిక్‌ను గబుక్కున గోల్‌లోకి పంపాడు, మేం సిద్ధంగా లేమంటూ బ్లాస్టర్స్ మైదానం వదిలి వెళ్ళిపోయారు. తర్వాత వాళ్ళకు 4 కోట్ల జరిమానా పడింది. టీ అంగడికి వచ్చే కేరళ పిల్లలు ఒక వైపు, బెంగళూరులో ఉద్యోగాలు చేసి శని, ఆదివారాలు ఊరికొచ్చే మా వాళ్ళు ఇంకో వైపు, టీవీ మీ పక్షమంటే మీ పక్షమని. నేనూ మామా పెద్దమనుషుల్లాగా చూస్తూ కూర్చున్నాం.

ఆదివారం రాత్రి పది గంటలకు లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో మా మ్యాచ్. వారం కిందటే యునైటెడ్ లీగ్ కప్ గెలిచింది, నాకు ధైర్యంగానే ఉంది. సగం ఆటకు లివర్‌పూల్ 1-0. తర్వాత గేట్లు తెంచుకున్నట్టయింది. గాక్పో, నునెజ్, సలా, ఒకరి తర్వాత ఒకరు. స్కోరు ఐదుకు చేరాక నాకు ఒళ్ళు తెలియలేదు. మామ ఏమీ అనలేదు, అసలు వాడు గెలిచినప్పుడు ఎగతాళి చేసే రకం కాదు. ఆ మౌనమే నన్ను ఇంకా కాల్చింది. వాడికి ఎక్కడ తగులుతుందో తెలిసి, ఇంగ్లండులో ప్రత్యర్థి అభిమానులు లివర్‌పూల్ వాళ్ళ మీద పాడే పాటలో మాట తెచ్చి అన్నాను. "మీరెప్పుడూ బాధితులే గదా. తప్పెప్పుడూ మీది కాదు."

ఆట 7-0తో ముగిసింది. మామ నా బండి దాకా వచ్చాడు.

"ఆ మాట యాడ నుంచి వచ్చిందో తెలుసా బా నీకు?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆ మ్యాచ్‌కు ముందు రోజే రెండు క్లబ్బుల మేనేజర్లు, క్లాప్, టెన్ హాగ్, చనిపోయినవాళ్ళ మీద పాటలు పాడొద్దని కలిసి విజ్ఞప్తి చేశారు. అది చదివాను గానీ, అందులో ఏ పాట ఉందో నాకు పట్టలేదు. మామ బండి సీటు మీద చెయ్యి పెట్టి నిలబడి చెప్పాడు.

1989 ఏప్రిల్ 15. షెఫీల్డ్ నగరంలో హిల్స్‌బరో స్టేడియం. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మధ్య ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. బయట జనం పెరిగిపోతే పోలీసులు ఒక పెద్ద గేటు తెరిచారు. వచ్చినవాళ్ళంతా అప్పటికే నిండిపోయిన మధ్య గడుల్లోకి పోయారు. ముందు కంచె, వెనక జనం. ఆ నొక్కుడులో పోయిన ప్రాణాలు మొత్తం 97. ఆఖరి మనిషి ఆ గాయాలతో బతికి బతికి 2021లో పోయాడు.

నాలుగు రోజులకు, ఏప్రిల్ 19న, 'ది సన్' పత్రిక మొదటి పేజీలో "నిజం" అని పెద్ద అక్షరాలు అచ్చేసింది. దాని కింద ఏముందంటే, అభిమానులు చనిపోతున్నవాళ్ళ జేబులు కొట్టేశారని, సాయం చేస్తున్న పోలీసుల మీద మూత్రం పోశారని, ఊపిరి పోస్తున్న కానిస్టేబుల్‌ను కొట్టారని. అంతా అబద్ధం. పోలీసుల అదుపు తప్పడమే అసలు కారణమని ఆ ఏడాది ఆగస్టులోనే జస్టిస్ టేలర్ నివేదిక చెప్పింది. అయినా పేపరు వేసిన మచ్చ పోలేదు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు, మా పిల్లలు దొంగలు కారు, తాగుబోతులు కారు అని చెప్పుకుంటూ ముసలివాళ్ళయ్యారు. 2012 సెప్టెంబరులో స్వతంత్ర కమిటీ పాత కాగితాలన్నీ తీసి చూసింది. 164 పోలీసు వాంగ్మూలాలు మార్చేసి ఉన్నాయి, వాటిలో 116 చోట్ల పోలీసులకు ఇబ్బంది కలిగించే మాటలు తీసేశారు. 23 ఏళ్ళకు ఆ పత్రిక మొదటి పేజీలో క్షమాపణ చెప్పింది. 2016 ఏప్రిల్‌లో జ్యూరీ ఇవి చట్టవిరుద్ధంగా జరిగిన మరణాలనీ, అభిమానుల తప్పేమీ లేదనీ తేల్చింది. 27 ఏళ్ళు.

"ఎప్పుడూ బాధితులే" అన్న ఎగతాళి పుట్టింది ఈ 27 ఏళ్ళలో. న్యాయం అడగడాన్నే ఏడుపు అన్నారు. నేను ఆ మాటను తిరుపతిలో, ఒక ఆటలో ఓడిపోతున్నానన్న ఉక్రోషంతో, నా ప్రాణ స్నేహితుడి మీద విసిరాను. నా క్లబ్బు కూడా 1958 ఫిబ్రవరిలో మ్యూనిక్ విమాన ప్రమాదంలో ఎనిమిది మంది ఆటగాళ్ళను పోగొట్టుకుంది, మొత్తం 23 మంది పోయారు. ఆ చావుల మీద ఎదుటివాళ్ళు పాడితే నాకు రక్తం మరిగేది.

లివర్‌పూల్ నగరం ఆ పేపరును కొనడం మానేసింది. ఇప్పటికీ అక్కడ చాలా అంగళ్ళు దాన్ని పెట్టవు. 2017 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్బు ఆ పత్రిక విలేకరులను తన మైదానంలోకి రానివ్వమంది. ఏప్రిల్‌లో ఎవర్టన్ కూడా తలుపు మూసింది. ఎవర్టన్ అంటే లివర్‌పూల్‌కు ఊళ్ళోనే ఉన్న శత్రువు, 2025 దాకా రెండు మైదానాల మధ్యలో ఒక పార్కే అడ్డం ఉండేది. వాళ్ళిద్దరూ ఒకే పేపరును గుమ్మంలోనే నిలబెట్టారంటే, అది ఒక క్లబ్బు అలక కాదు. నిజంగా జరిగిన అన్యాయాన్ని ఎదుటి క్లబ్బువాడు కూడా గుర్తుపడతాడు. నా పేజీ నిండా రాసుకున్న ఫిర్యాదుల్లో మామ ఒప్పుకునేది ఒక్కటి కూడా లేదు.

ఆ 7-0 రాత్రి నుంచి నాకు నేను పెట్టుకున్న కొలత అదే. నా క్లబ్బుకు అన్యాయం జరిగిందని నాకనిపిస్తే, మామ ఒప్పుకుంటాడా అని చూస్తాను. ఒప్పుకుంటే పట్టుబట్టి అడుగుతాను. వాడి క్లబ్బుకు జరిగినా ఇదే లెక్క. 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టిన మంచి గోల్‌ను వీడియో రెఫరీలు పొరపాటున కొట్టేశారు. వాళ్ళే తప్పు ఒప్పుకుని, లోపల మాట్లాడుకున్న ఆడియో బయటపెట్టారు. ఆ రోజు మామ కంటే నేనే గట్టిగా అరిచాను. కామెంటేటర్ మెచ్చుకోలేదనే సంగతికి మాత్రం ఎవరి దగ్గరా ఒప్పుదల అడగను.

2025 జనవరి 5 ఆదివారం, ఆన్‌ఫీల్డ్‌లో మళ్ళీ 2-2. అలవాటు ప్రకారం వాదించుకుని పడుకున్నాం. మూడు రోజులకు, జనవరి 8 రాత్రి, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన భక్తుల మధ్య మా బైరాగిపట్టెడలో తొక్కిసలాట జరిగింది. ఆరుగురు చనిపోయారు. మా ఇంటికి అంబులెన్సుల చప్పుడు వినపడతా ఉంది. వీధిలో నిలబడిన పదిమందిలో మొదట వినపడిన మాట, "జనానికి ఓర్పు లేదప్పా, ఒకరినొకరు తోసుకుంటారు." ఇంకొకరు, "సామి ఎక్కడికి పోతాడు, నిదానంగా రాకూడదా?" మా అమ్మ కూడా, పాపం, అదే అనింది. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. భయపడిన మనిషికి తోచే మొదటి మాట అది. నాకూ అదే నాలుక చివరికి వచ్చింది.

అప్పుడు మామ ఫోను చేశాడు. మేమంతా బాగున్నామా అని అడిగాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు.

"ఎవురినీ ఏమీ అనొద్దు బా. ఇంకా తెల్లార్లేదు."

చనిపోయినవాళ్ళ మీదికి తప్పు ఎంత సులువుగా జారిపోతుందో, దానికి పేపరు కూడా అక్కర్లేదనీ, వీధి చాలనీ ఆ రాత్రి నాకు తెలిసింది. వీధి మాట తెల్లారేసరికి మారిపోతుంది. మొదటి పేజీలో "నిజం" అని అచ్చయితే 27 ఏళ్ళు పడుతుంది. నేను పక్షపాతం అనే మాటను ఇప్పుడు ఆ పేజీ కోసం దాచుకున్నాను.

2025 అక్టోబరు 19. మర్నాడు దీపావళి, వీధిలో అప్పటికే టపాకాయలు మోగుతున్నాయి. రాత్రి తొమ్మిదికి ఆన్‌ఫీల్డ్‌లో మ్యాచ్. లీగు టైటిళ్ళు ఇప్పుడు ఇద్దరికీ ఇరవై, ఆ సమం చేసిన గర్వం మామ ముఖంలో ఉంది. మొదలైన రెండో నిమిషంలోనే ఎంబెమో మాకు గోల్ కొట్టాడు. అప్పటికి లివర్‌పూల్ ఆటగాడు మెక్ అలిస్టర్ తలకు దెబ్బ తగిలి కింద పడి ఉన్నాడు. రెఫరీ ఆట ఆపలేదు. గాక్పో సమం చేశాడు. 84వ నిమిషంలో మాగ్వైర్ తలతో కొట్టి 2-1 చేశాడు. 2016 జనవరి తర్వాత ఆన్‌ఫీల్డ్‌లో మాకు ఇదే మొదటి గెలుపు. నేను కుర్చీ ఎక్కి దిగాను.

మామ చాలాసేపు టీవీ వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నోరు తెరిచాడు. "ఈ కామెంటరీ చెప్పేవోళ్ళు..." అని మొదలుపెట్టి, ఆగాడు.

"రెఫరీ తప్పు బా అది. తలకు తగిలినప్పుడు ఆపాల."

"ఆపాల మామా," అన్నాను.